అద్దాల గోడ డైరీ: ముందు ముఖం, తర్వాత గ్రిడ్

ఏప్రిల్ 17

అనంతపురంలో, బెంగళూరు హైవేకి దగ్గర్లో కడుతున్న మూడంతస్తుల కమర్షియల్ బిల్డింగ్. కింద బట్టల షోరూమ్, పైన రెండంతస్తులు అద్దెకిస్తారు. స్లాబులన్నీ అయిపోయాయి, ఇటుక పని నడుస్తోంది. పై రెండంతస్తులకు రోడ్డున్న పడమర వైపు, సందున్న ఉత్తరం వైపు అద్దాల గోడలు రావాలి. ఈ రెండు గోడలూ కలిసే మూలలో ఆర్‌సీసీ పిల్లర్ ఉంది, దానికి ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్ వేస్తారు. బిల్డింగ్‌ని కంప్యూటర్‌లో 3డీగా గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్, అందులో దీని మోడల్ నా చేతిలో ఉంది. కర్టెన్ వాల్, అంటే ఈ అద్దాల గోడ మీద చేసే పనంతా ఇకనుంచి ఇందులో రాసిపెట్టుకుంటాను. ఇక్కడ నేను గీసే ప్రతి గీతా రేపు ఒక అల్యూమినియం కడ్డీ అవుతుంది. గీతకీ గీతకీ మధ్య ఉన్న ఖాళీ ఒక అద్దం అవుతుంది. అది టఫెన్డ్ అద్దం, అంటే వేడి చేసి గట్టిపరిచినది. టఫెనింగ్ అయ్యాక దాన్ని కోయలేం, అంచు అరగదీయలేం, ముక్కలైపోతుంది. సైట్‌లో సర్దుకుందాం అనే మాట ఈ పనిలో చెల్లదు.

ఇవాళ్టి సంగతి. ముందు ఎలివేషన్, అంటే గోడను ఎదురుగా చూపే డ్రాయింగ్, బాగానే కనబడుతోంది, గీతలు చక్కగా ఉన్నాయి. ఎందుకో మనసు ఒప్పక రెండో అంతస్తు దగ్గర గోడను నిలువునా కోసినట్టు ఒక సెక్షన్ తీసి చూశాను. గుండె గుభేల్‌మంది. నిలువు కడ్డీ లోతు 150 మి.మీ. అందులో ఎక్కువ భాగం గది లోపలికి ఉండి, అద్దం బయటి అంచు దగ్గర ఉండాలి. నా మోడల్‌లో కడ్డీ నడుమంతా రోడ్డు మీదికి పొడుచుకొచ్చింది, అద్దం లోపలికి పోయింది. గోడ మొత్తం లోపలిది బయటికి తిరిగిపోయి ఉంది.

కారణం వెతికితే చాలా చిన్నది. రెవిట్‌లో గోడను గడియారం ముల్లు తిరిగే దిక్కున గీసుకుంటూ పోతే బయటి ముఖం బయటికే వస్తుంది. నేను మెట్ల దగ్గర మొదలుపెట్టి, ఉత్తరం మీదుగా మూలకొచ్చి, అక్కణ్ణుంచి పడమర గోడ గీశాను. అంటే ముల్లుకి ఎదురు తిరిగాను. మామూలు ఇటుక గోడ అయితే రెండు వైపులా ప్లాస్టరే కాబట్టి చాలాసార్లు ఇది కంటికి కనబడదు. అద్దాల గోడలో కడ్డీ, మూసిన ప్యానెల్ గోడ గీత నుంచి ఎంత జరిగి కూర్చోవాలో చెప్పే ఆఫ్‌సెట్‌లు అన్నీ ముఖాన్ని బట్టే లెక్క కాబట్టి అన్నీ తిరగబడతాయి.

ప్లాన్‌లో గోడను సెలెక్ట్ చేస్తే రెండు బాణాల గుర్తు ఏ వైపు కనబడితే అదే బయటి ముఖం. నాకది గది లోపల కనబడింది. స్పేస్‌బార్ కొట్టాను, గోడ తిరిగింది. రెండో గోడకూ అంతే. మళ్ళీ సెక్షన్ చూశాను, ఈసారి కడ్డీలు లోపల ఉన్నాయి. దిద్దడానికి పట్టింది రెండు క్షణాలు. ఎలివేషన్ మాత్రమే చూసి డ్రాయింగ్ పంపేసి ఉంటే స్లాబు అంచుకి వేసే బ్రాకెట్ల లెక్కంతా తప్పిపోయేది.

ఏప్రిల్ 19

ఓనర్ సార్ ఆఫీసుకి వచ్చి 3డీ చూశారు. బట్టల వ్యాపారం చేసే మనిషి, కన్ను చురుకు. మూల దగ్గర వేలు పెట్టి, "పాపా, అన్నీ వెడల్పుగా ఉండాయి, ఈ మూలది ఒకటే సన్నగా ఉంది ఎందుకు? చీరకి అంచు తక్కువైనట్టుంది" అన్నారు.

నిజమే. ఉత్తరపు గోడ 8,130 మి.మీ. గీతకీ గీతకీ ఒకే దూరం ఉంచే ఫిక్స్‌డ్ డిస్టెన్స్ 1,200 పెట్టాను కాబట్టి ఆరు నిండు అద్దాలు పోగా 930 మిగిలింది. ఆ మిగులు వచ్చి అందరి కంటా పడే మూలలో కూర్చుంది. గోడ ప్రాపర్టీస్‌లో వర్టికల్ గ్రిడ్ (నిలువు గీతలు) కింద జస్టిఫికేషన్ అని ఉంటుంది: బిగినింగ్, సెంటర్, ఎండ్. గ్రిడ్ ఏ చివర నుంచి లెక్కపెట్టాలో చెప్పేది అదే. బిగినింగ్ అంటే గోడ గీయడం మొదలుపెట్టిన చివర. నేను మెట్ల దగ్గర మొదలుపెట్టాను కాబట్టి లెక్క అక్కణ్ణుంచి వచ్చి మిగులు మూలకి చేరింది. ఎండ్‌కి మార్చగానే సన్న ప్యానెల్ మెట్ల వైపు పోయింది. అక్కడ పక్కింటి గోడ అడ్డం ఉంటుంది, ఎవరూ చూడరు.

ఓనర్ సార్ తృప్తిగా తలూపారు. ఒక్క చూపులో ఆయన పట్టుకున్నదాన్ని నేను వారం రోజులుగా చూస్తూ కూడా పట్టించుకోలేదు.

ఏప్రిల్ 23

ఇవాళ సైట్ కొలతలు. ఉదయం ఏడింటికే వెళ్ళాం. తొమ్మిది దాటితే సారవ పైపుల మీద చెయ్యి పెట్టలేం, అంత కాలిపోతాయి.

మోడల్‌లో పడమటి గోడ 14,400. 1,200 లెక్కన సరిగ్గా పన్నెండు అద్దాలు, చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ ఆ 14,400 స్లాబు డ్రాయింగ్‌లో కొలత. సైట్‌లో ఒక చివర పిల్లర్‌కి ఏసీపీ ఫ్రేమ్, ఇంకో చివర పక్క గోడకి ప్లాస్టర్ వస్తాయి. అవి పోగా మనకి మిగిలేది ఎంతో టేపు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

అల్యూమినియం ఫ్యాబ్రికేటర్ అన్న కూడా వచ్చాడు. ఈ పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. ఆయన కొలిచే పద్ధతి చూడాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోడు. మొదటి అంతస్తు నేల దగ్గర, బీము అడుగున, రెండో అంతస్తు నేల దగ్గర, పైన పిట్టగోడ దగ్గర, నాలుగుచోట్లా కొలిచాడు. తర్వాత పైనుంచి తూకం గుండు వదిలి, ప్రతి స్లాబు అంచు దారానికి ఎంత దూరంలో ఉందో చూశాడు. గాలికి గుండు ఊగుతుంటే కింద బకెట్ నీళ్ళలో ముంచి నిలబెట్టాడు. గుండు నీళ్ళలో నెమ్మదించి, దారం బిర్రుగా నిలిచేదాకా ఎవరూ మాట్లాడలేదు.

రెండో స్లాబు అంచు మొదటి దానికన్నా 22 మి.మీ. బయటికొచ్చి ఉంది. షట్టరింగ్ వేసేటప్పుడు జరిగినట్టుంది. "ఇది మామూలేమ్మా, కాంక్రీటు కదా. బ్రాకెట్‌లో పొడవు రంధ్రం ఉంటాది, అక్కడ సర్దుతాం. గోడ మాత్రం బయటికొచ్చిన స్లాబుని పట్టుకొని నిలబెట్టాల" అన్నాడు. అంటే మోడల్‌లో గోడ గీతను అన్నిటికన్నా బయటికున్న స్లాబు అంచు నుంచి లెక్కపెట్టాలి. ఇంటికి రాకముందే ఫోన్‌లో రాసుకున్నాను.

వెడల్పు నాలుగుచోట్లా నాలుగు రకాలుగా వచ్చింది. అన్నిటికన్నా తక్కువ వచ్చినదే లెక్క. రెండు చివర్లా సిలికాన్‌కి వదిలాల్సింది వదిలితే తేలింది 14,265. పన్నెండు అద్దాల అందమైన లెక్క పోయింది. ఉత్తరం వైపు 8,130 మాత్రం అలాగే నిలబడింది.

ఏప్రిల్ 24

14,265ని 1,200తో ఫిక్స్‌డ్ డిస్టెన్స్‌లో పెడితే పదకొండు నిండు అద్దాలు, ఒకటి 1,065. రోడ్డు వైపు ముఖంలో అది కుదరదు, అన్నీ సమానంగా ఉండాలి. గోడ టైప్‌ను, అంటే దాని సెట్టింగుల నమూనాను, డూప్లికేట్ చేసి, వర్టికల్ లేఅవుట్‌ని ఫిక్స్‌డ్ నంబర్‌కి మార్చాను. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. అది అడిగే నంబర్ గీతలది, అద్దాలది కాదు. పన్నెండు అద్దాలు కావాలంటే 11 కొట్టాలి. పన్నెండు కొడితే పదమూడు అద్దాలొస్తాయి.

గీతలు సమంగా వచ్చాయి, గీతకీ గీతకీ 1,188.75. అంతా అయిపోయిందనుకున్నా. కానీ గ్లాస్ కొలతలు తీస్తే మధ్యలో పది అద్దాలు 1,128.75, రెండు చివరి అద్దాలు మాత్రం 1,098.75. సరిగ్గా 30 మి.మీ. తక్కువ.

ఇదెందుకో కాగితం మీద గీసుకుంటే తేలిపోయింది. కడ్డీ వెడల్పు 60. లోపలి కడ్డీ గీతకి అటు 30 ఇటు 30 కూర్చుంటుంది. చివరి కడ్డీ అలా కూర్చోదు. గోడ అంచు దాటి బయటికి పోకుండా పూర్తి 60 లోపలికే వస్తుంది. కాబట్టి మధ్య అద్దానికి కడ్డీలు తినేది 60, చివరి అద్దానికి తినేది 90. టైప్ ప్రాపర్టీస్‌లో అడ్జస్ట్ ఫర్ మలియన్ సైజ్ అని ఒక టిక్ ఉంది, మలియన్ అంటే కడ్డీ. ఇన్నాళ్ళూ దాన్ని చూసీ వదిలేశాను. అది పెట్టగానే గీతలు జరిగి అద్దాలన్నీ సమానమయ్యాయి. గీతలు సమానంగా ఉండడం వేరు, అద్దాలు సమానంగా ఉండడం వేరు. మనం ఆర్డర్ ఇచ్చేది అద్దాలకి.

ఇప్పుడు ఒక్కో అద్దం కనబడే వెడల్పు 1,123.75. ఫ్యాబ్రికేటర్ అన్నకి ఫోన్ చేసి చెప్తే, "ఆ ముప్పావు మిల్లీమీటరు నేను యాడ కోసేదమ్మా? 1,123 చేయి, మిగిలింది చివర్లకి పంపు" అన్నాడు. పన్నెండు ముప్పావులు కలిపితే 9 మి.మీ. మోడల్‌లో గోడ పొడవునే 14,256కి తగ్గించాను. మిగిలిన తొమ్మిదీ రెండు చివర్లకీ నాలుగున్నర చొప్పున సిలికాన్‌లో కలిసిపోయాయి. ఇప్పుడు డైమెన్షన్ లైన్ చదివితే చివర్లు 1,213, మధ్యలో పదీ 1,183. ఒక్క దశాంశం లేదు. ఎంత హాయిగా ఉందో.

ఉత్తరపు గోడకీ ఇదే 1,123 అద్దం రావాలని పట్టుబట్టాను. రెండు గోడలకీ ఒకే సైజు అయితే ఒక అద్దం పగిలినా ఇంకో గోడకి తెప్పించినదాంట్లోంచి వాడుకోవచ్చు. దానికి ఆటోమేటిక్ లేఅవుట్ పనికిరాదు. ఆ గోడకి వేరే టైప్ చేసి, వర్టికల్ లేఅవుట్ నన్ (None, ఏదీ వద్దు) పెట్టి, కర్టెన్ గ్రిడ్ టూల్‌తో ఆరు గీతలూ చేత్తో వేశాను. మూల నుంచి మొదటిది 1,213, తర్వాత 1,183 చొప్పున. మెట్ల దగ్గర మిగిలిన అద్దం 912. జస్టిఫికేషన్‌తో పని లేకుండా పోయింది.

ఏప్రిల్ 26

ఓనర్ సార్ అబ్బాయి బెంగళూరులో చూసొచ్చిన ఏదో బిల్డింగ్ ఫొటో పంపాడు. ఏటవాలు గీతలు కావాలట. గ్రిడ్ యాంగిల్ అని ప్రాపర్టీస్‌లో ఉంటుంది, మైనస్ 89 నుంచి 89 డిగ్రీల దాకా ఇవ్వొచ్చు. 15 పెట్టి చూపించాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అంచుల దగ్గర అద్దాలన్నీ త్రికోణాలూ వంకర ముక్కలూ అయిపోయాయి. తెరుచుకునే కిటికీ ప్యానెల్ నలుచదరం గడిలోనే కూర్చుంటుంది, ఈ వంకర గడుల్లో దానికి చోటు లేదు. పెద్ద షీట్ నుంచి త్రికోణం కోస్తే మిగిలేదంతా వృథానే. అద్దం ఎంత వృథా అవుతుందో ఆ లెక్కా, ఎన్ని రకాల అద్దాలొస్తాయో ఆ లెక్కా పక్కపక్కన పెట్టి పంపితే సాయంత్రానికే ఒప్పుకున్నాడు. యాంగిల్ మళ్ళీ సున్నా.

ఏప్రిల్ 30

ఇవాళ నీడ లేని రోజు. అనంతపురం అక్షాంశం 14.68 డిగ్రీలు. ఏప్రిల్ 30న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పన్నెండుంబావు దాటాక పిట్టగోడ పిల్లర్‌లోంచి నిలువుగా లేచి ఉన్న ఇనుప చువ్వ దగ్గర నిలబడి చూశాం. నీడ కుంచించుకుపోయి, కుంచించుకుపోయి, చువ్వ అడుగున కలిసిపోయింది. మేస్త్రీ తలపాగా తీసి చువ్వ పక్కన పట్టుకుని, "ఇన్నేళ్ళుగా ఇదే ఎండలో పని చేస్తాండా, ఇట్ల ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

నేను దీన్ని చూడాలనుకున్నది వేడుకకి కాదు. ఇవాళ్టి నుంచి ఆగస్టు 12 ప్రాంతం దాకా మనకి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపుకి పోయి ఉంటాడు. ఉత్తరం అద్దానికి ఎండ రాదు అన్న మాట పైదేశాలకి చెల్లుతుందేమో, మా ఊరికి చెల్లదు. బిల్డింగుల్లో కరెంటు పొదుపు కోసం పెట్టిన దేశపు ఎనర్జీ కోడ్, 2017 నాటి ఈసీబీసీ, ఈ తేడాను గుర్తించింది. మా వాతావరణాలకి ఉత్తరపు అద్దంలోంచి వచ్చే ఎండ వేడి పాలు, అంటే ఎస్‌హెచ్‌జీసీ, 15 డిగ్రీల అక్షాంశానికి పైనున్న ఊళ్ళకి 0.50 దాకా ఉండొచ్చు అంది. 15కి కింద ఉంటే మిగతా దిక్కుల్లాగే 0.27 దాటకూడదు అంది. ఆ 15వ గీత హైవే మీద గుత్తికీ పామిడికీ మధ్య పోతుంది. ఆ కోడ్ లెక్కన కర్నూలులో ఉత్తరానికి పనికొచ్చే అద్దం మా అనంతపురంలో పనికిరాదన్నమాట. మా బిల్డింగ్ 100 కిలోవాట్ల లోడ్ దాటదు కాబట్టి ఆ కోడ్ మాకు తప్పనిసరి కాదు. కానీ ఎండ మనకి మినహాయింపు ఇవ్వదు కదా. రెండు గోడలకీ 0.27 లోపు అద్దమే రాశాను.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. మోడల్‌లో సన్ పాత్ (సూర్యుడి దారి చూపేది) పెట్టి చూస్తే సాయంత్రం ఎండ పక్కవాటంగా వస్తోంది. సైట్‌లో చూసేది అలా లేదు, నేరుగా ముఖానికి కొడుతుంది. కారణం, గీయడం సులువని బిల్డింగ్‌ని స్క్రీన్ మీద నిటారుగా పెట్టుకున్నాం, అసలైన ఉత్తరం ఎటుందో రెవిట్‌కి చెప్పనే లేదు. సైట్ నిజానికి తిరిగి ఉంది. ఎంత తిరిగిందో ఓనర్ సార్ దగ్గర ముందే కాగితం మీద ఉంది! శంకుస్థాపనకి ముందు వాస్తు సిద్ధాంతి దిక్సూచి పెట్టి రాసిచ్చిన లెక్క: ముఖం పడమర నుంచి ఉత్తరానికి 18 డిగ్రీలు. మా దగ్గర అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే, కాబట్టి ఎండ చూసుకోవడానికి ఆ అంకె సరిపోతుంది. సర్వే డ్రాయింగ్‌తో పోల్చినా అదే వచ్చింది.

వ్యూ ప్రాపర్టీస్‌లో ఓరియెంటేషన్ ట్రూ నార్త్ పెట్టి, మేనేజ్‌లో పొజిషన్ కింద రొటేట్ ట్రూ నార్త్‌తో 18 డిగ్రీలు తిప్పాను. తర్వాత వ్యూని మళ్ళీ ప్రాజెక్ట్ నార్త్‌కి, అంటే గీయడానికి పెట్టుకున్న నిటారు దిక్కుకి, పెట్టేశాను. గోడలు, గ్రిడ్‌లు, షీట్లు ఏవీ కదల్లేదు, సూర్యుడు ఒక్కడే కదిలాడు. జూన్ 21 సాయంత్రం పెట్టి చూశాను. ఆ రోజుల్లో మనకి సూర్యుడు అస్తమించేది సరిగ్గా పడమరన కాదు, 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. మా ముఖం 18 డిగ్రీలు జరిగి ఉంది. అంటే వేసవి సాయంత్రం ఎండ దాదాపు ఎదురుగా నిలబడి కొడుతుంది. అంత కిందకి దిగిన ఎండని పైన ఛజ్జా వేసినా ఆపలేం. నిలువు రెక్కలు పెట్టినా వాటి మధ్యలోంచి దూరిపోతుంది. అద్దం తగ్గించడమే మార్గం.

మే 2

కాబట్టి ఇవాళ అడ్డ గీతలు. గోడ అడుగు మొదటి అంతస్తు బీము కింద 3,600 ఎత్తులో, పైభాగం పిట్టగోడ దగ్గర 12,300లో. మధ్యలో 8,700. నా మొదటి డ్రాయింగ్‌లో ప్రతి అంతస్తుకీ బీము అడుగున ఒకటి, నేల దగ్గర ఒకటి, కిటికీ గట్టు ఎత్తున ఒకటి, మొత్తం ఏడు గీతలు, ఎనిమిది వరుసలు. బీము పట్టీ ఒక్కటే మూసి ఉంది, నేల నుంచి గట్టు దాకా ఉన్న 900 కూడా పారదర్శక అద్దమే.

ఆ 900 ఎవరికి కావాలి? దాని వెనక టేబుళ్ళు, కుర్చీల కాళ్ళు, వైర్లు వస్తాయి. అద్దెకొచ్చినవాళ్ళు మొదటి నెలలోనే స్టిక్కర్ అంటించేస్తారు, ఊళ్ళో ఎన్ని చూడలేదు. పైగా ఎండ అంతా లోపలికి. నేల దగ్గరి గీత తీసేసి, బీము అడుగు నుంచి గట్టు దాకా 1,500 మొత్తం ఒకే మూసిన వరుస చేశాను. ఇప్పుడు వరుసలు ఐదు: 1,500, 2,100, 1,500, 2,100, 1,500. ఈ ఎత్తులు అంతస్తుని బట్టి వస్తాయి, సమ దూరంలో రావు కాబట్టి హారిజాంటల్ లేఅవుట్ కూడా నన్ పెట్టి, ఎలివేషన్‌లో లెవెల్ గీతల నుంచి కొలిచి వేశాను.

పడమటి ముఖంలో వెలుగొచ్చే అద్దం 98 చదరపు మీటర్ల నుంచి 60కి దిగింది. మూడు అడ్డ కడ్డీల వరుసలు పోయాయి, ఒక్కోటీ పద్నాలుగు మీటర్ల పైనే. ఓనర్ సార్‌కి ముందు ఈ కడ్డీల లెక్కే చెప్పాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అద్దం తగ్గితే ఏసీ బిల్లు తగ్గుతుందన్నది తర్వాత చెప్పాను. మూసిన వరుస బయటికి మాత్రం అదే రంగు అద్దంలా కనబడుతుంది, వెనక షీటూ ఇన్సులేషనూ ఉంటాయి.

మే 5

తెరుచుకునే కిటికీలు. కరెంటు పోతే గాలాడాలి, పొగ వస్తే బయటికి పోవాలి. అంతస్తుకి రెండు, మూడో గడిలో ఒకటి, పదో గడిలో ఒకటి. పూర్తి 2,100 ఎత్తు రెక్క చేస్తే బరువు తట్టుకోదు. 6 మి.మీ. అద్దం, 12 గాలి, మళ్ళీ 6 అద్దం. చదరపు మీటరుకి 30 కేజీలు, ఒక్కో అద్దం దాదాపు 70 కేజీలు. కాబట్టి ఆ గడిలో మాత్రం అడ్డంగా ఇంకో గీత వేసి, కింద 1,500 కదలనిది, పైన 600 తెరుచుకునేది.

కర్టెన్ గ్రిడ్ టూల్‌లో ఆల్ సెగ్మెంట్స్ ఉంటే గీత గోడ పొడవునా పోతుంది. వన్ సెగ్మెంట్‌కి మార్చుకుంటే ఒక్క గడికే ఆగుతుంది. కడ్డీ కూడా అలాగే, గ్రిడ్ లైన్ సెగ్మెంట్ ఎంచుకుని. లైబ్రరీలో నాకు సరిపడే పై కీలు రెక్క దొరకలేదు, కర్టెన్ ప్యానెల్ టెంప్లేట్‌లో నేనే ఒకటి చేసుకున్నాను. మౌస్‌ని అంచు మీద పెట్టి, ప్యానెల్ వెలిగేదాకా ట్యాబ్ కొట్టి, దాన్ని కదలకుండా పట్టే పిన్ విప్పి, టైప్ మార్చడమే.

ఈ పిన్‌తోనే ఇవాళ పొద్దంతా పోయింది. షీట్ మీద డైమెన్షన్లు పెడుతుంటే రెండో అంతస్తు దగ్గర 1,183, 1,183, 1,171, 1,195 అని వచ్చింది. గీత ఒకటి 12 మి.మీ. పక్కకి జరిగి ఉంది. ప్యానెల్ అనుకుని గీత పిన్ విప్పినట్టున్నాను, తర్వాత ఎప్పుడో మౌస్ తగిలి జరిగింది. టైప్ నుంచి వచ్చిన గీతలకి ఆ పిన్ ఉన్నంత సేపే రక్షణ. దూరం అంకె కొట్టి గీతను దాని చోటికి చేర్చి, పిన్ పెట్టాను. 3డీలో 12 మి.మీ. ఎవరికీ కనబడదు. కానీ ఆ రెండు నిలువు వరుసల్లో అద్దాలన్నీ తప్పు సైజులో వచ్చేవి. డైమెన్షన్ లైన్ గోడ పొడవునా ఒకే దారంలా వేయకుండా ఏ షీటూ బయటికి పంపకూడదని గట్టిగా అనుకున్నాను.

మే 9

గ్లాస్ షెడ్యూల్, అంటే అద్దాల జాబితా, పంపాను. పడమటి గోడకి 64 ముక్కలు, ఉత్తరానికి 35. ఒక్కో ప్యానెల్‌కి నంబర్ వేశాం, బయట రోడ్డు మీద నిలబడి చూస్తే ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి. "బయటి నుంచి" అనే మాట పెద్ద అక్షరాల్లో రాయించాను. లోపల నిలబడి నంబర్లు చదివితే మొత్తం అద్దం తిరిగినట్టు తారుమారు అవుతుంది. కోటింగ్ ఉన్న వైపు ఏ ముఖానికి రావాలో కూడా దాన్ని బట్టే.

అద్దాల ఆర్డర్ ఇంకా ఇవ్వలేదు. ముందు ఫ్రేమ్ ఒకటి నిలబెట్టి చూద్దామని ఫ్యాబ్రికేటర్ అన్నే అన్నాడు. సాయంత్రం ఆయన షెడ్‌కి వెళ్ళాను. షీట్ ప్రింట్ గోడకి టేపుతో అంటించి ఉంది, 1,183 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం. రెండు నిలువు కడ్డీలు, మూడు అడ్డ కడ్డీలు నేల మీద బిగించి ఉన్నాయి. ఒక వరుస వెలుగు అద్దానికి, ఒకటి మూసిన దానికి. రసమట్టం పెట్టి చూశాడు, తర్వాత మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పట్టాడు. రెండూ ఒకటే వచ్చాయి. లోపలి ఖాళీ కొలిచే టేపు నా చేతికిచ్చాడు.

1,123.

"సరిపాయె కదమ్మా" అన్నాడు. ఇంకో రెండుచోట్ల కూడా కొలిచాను, కింద ఒకచోట, మధ్యలో ఒకచోట. అక్కడా అంతే. ఉత్తరపు గోడ మెట్ల చివర 912 అద్దం దగ్గర ప్లాస్టర్ ఇంకా పూర్తి కాలేదు. అది ఎండాక మళ్ళీ ఒకసారి టేపు పెట్టి, ఆ ఒక్క వరుస ఐదు ముక్కల సైజు ఖాయం చేసి, అప్పుడు ఆర్డర్. సోమవారం పొద్దున ఏడింటికి మేస్త్రీని రమ్మని చెప్పాను.